విచారణకు వచ్చిన అల

గుండ్లకొత్తూరులో కళ్లద్దాల షాపు నడిపే ఓబులేసు ఇంటికి ఒక బుధవారం పొద్దున, బందరు బస్సు దిగి, సముద్రం తరఫున విచారణ జరపడానికి ఒక అల వచ్చింది. మనిషి ఛాతీ ఎత్తు ఉంది. బస్సులో తనకు సీటు ఇవ్వలేదని, లగేజీ కింద టికెట్టు కొట్టారని గడప దగ్గరే చెప్పింది. ఫిర్యాదుగా కాదు, ప్రయాణ భత్యం రాసుకునేటప్పుడు సాక్షులు కావాలి కాబట్టి.

గుండ్లకొత్తూరు సీమలో ఉంది. సముద్రం అక్కడికి చాలా దూరం. కుళాయి నీళ్లే వారానికొకసారి వస్తాయి, వచ్చినా బిందె నిండేలోపు ఆగిపోతాయి. నీళ్ల గురించి ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీలకు ఇంతవరకు ఏ అధికారీ రాలేదు. అందుకని నీళ్ల తాలూకు అధికారి ఒకరు పిలవకుండానే వచ్చారని తెలిసేసరికి వీధి వీధంతా గడపల్లోకి వచ్చి అనుమానంగా చూసింది.

ఓబులేసు మీద అనుమానం అప్పటికే ఉంది. ఎండాకాలం మొదట్లో అతను హాల్లో టీవీ తీసేసి, ఆ స్థలంలో ఇనప స్టాండు వేయించి, దాని మీద మనిషి పడుకునేంత గాజుతొట్టి పెట్టించాడు. పగడాలు ఇంట్లోనే పెంచుకోవచ్చని ఫోనులో చూసిన దగ్గర్నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. ఫిల్టరు నీళ్ల క్యాన్లు తెప్పించి తొట్టి నింపాడు. సముద్రపు ఉప్పు ప్యాకెట్లు కలిపి, ఉప్పదనం కొలిచే గాజు గొట్టం ముంచి, ఎక్కువైందని నీళ్లు, తక్కువైందని ఉప్పు పోస్తూ కూర్చున్నాడు. మద్రాసు నుంచి తడి పేపర్లలో చుట్టి పంపిన రాళ్లు అడుగున పేర్చాడు. మురికిని నురగగా తేల్చి తీసే డబ్బా ఒకటి, నీలి లైట్లు, నీళ్లు చల్లబరిచే యంత్రం, చివరికి అలలు పుట్టించే చిన్న మోటారు కూడా బిగించాడు. కానీ చేపలు వేయలేదు. రాళ్లలో మురికిని తినే, కంటికి కనపడని క్రిములు కుదురుకునేదాకా చేపలు వేస్తే వాటి మురికికి అవే చచ్చిపోతాయి. అందుకని ఆ తొట్టి వారాల తరబడి ఖాళీగా, నీలంగా వెలుగుతూ ఉండిపోయింది.

పక్కింటి తిరుపాలు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు కిటికీ ఊచలు పట్టుకుని అడిగాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఆ తొట్టిలో ఏముండాది?"

"నీళ్లు మామా."

"నీళ్లని నాకూ కనపడతాంది. నీళ్లల్లో ఏముండాదని."

"ఇంగా ఏమీ లేదు మామా."

"ఏమీ లేనిదానికి లైటేమిటికప్పా?"

ఓబులేసు దగ్గర దీనికి జవాబు ఉంది కానీ, క్రిముల కోసం లైటు వేశానంటే వీధిలో ఏమనుకుంటారోనని ఊరుకున్నాడు. అతను ఊరుకోవడంతో రాళ్ల కింద ఏదో పాతిపెట్టాడన్న మాట పుట్టింది. ఆ తర్వాత నారింజరంగు చారల చేపలు రెండూ, పిడికెడంత పగడాలు నాలుగూ వచ్చి చేరినప్పుడు వీధి కుదుటపడలేదు. ఈ మాత్రం దానికి ఇంత చేస్తాడా అని అనుమానం పెరిగింది.

ఇప్పుడు ఆ హాల్లో అల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఓబులేసు భార్య సుంకులమ్మ కుర్చీ కింద గోనెపట్టా వేసి కాఫీ ఇచ్చింది. అల చక్కెర వద్దని, ఉప్పు వేయించుకుని తాగింది.

"ఈ నీళ్లు ఎక్కడివండీ?"

"క్యాను నీళ్లు సార్. ప్యాకెట్టు ఉప్పు కలిపినా," అన్నాడు ఓబులేసు.

"సముద్రం నుంచి తేలేదా?"

"లేదు సార్. నేను సముద్రమే చూడలేదు."

"తెచ్చుంటే దొంగతనం అయ్యేది. అది చిన్న విషయం. మీరు తేలేదంటున్నారు. అంటే సముద్రాన్ని ఇంట్లోనే తయారు చేశారన్నమాట. నోట్లు ఇంట్లో తయారుచేస్తే ఏమంటారండీ?"

"దొంగనోట్లంటారు సార్."

"మరి?"

ఓబులేసు ఆలోచించాడు. తెచ్చానంటే దొంగ, తేలేదంటే నకిలీ చేసినవాడు. ఈ రెంటికీ మధ్య చోటు ఉందేమోనని వెతికాడు. కళ్లద్దాలు అమ్మేవాడికి దొరికే చోటు ఏదీ కనపడలేదు.

అల లేచి తొట్టి దగ్గరికి వెళ్లింది. మోటారు ఆడుతోంది. చిన్న చిన్న అలలు ఈ గాజు దగ్గర పుట్టి ఆ గాజుకు తగిలి వెనక్కి వస్తున్నాయి.

"వీళ్లెవరు?"

"మోటారు సార్. నీళ్లు కదలకపోతే పగడాలు బతకవు."

"మోటారు సంగతి అడగలేదండీ. వీళ్లు ఏ తీరం తాలూకు?"

"ఈడనే పుట్టినారు సార్."

అల గాజు దగ్గరికి వంగి చూసింది. "ఒడ్డు చూడకుండానే వెనక్కి తిరుగుతున్నారు," అంది. ఆ ఒక్క మాట మాత్రం విచారణలోది కాదు. వెంటనే సర్దుకుని, నురగ అంచు తొట్టిలో ముంచి రుచి చూసింది.

"ఇందులో ఒక సీసాడు మా నీళ్లు ఉన్నాయి. మైపాడు తీరానివి."

"మా యమ్మ తోడు సార్, నేను తేలేదు!"

ఓబులేసు ముఖం ఎర్రబడింది. గుమ్మంలో నిలబడ్డ తిరుపాలును చూశాడు. "మామా, నువ్వేమన్నా పోసినావా?"

"నాకు తాగేదానికే లేవు. నీ తొట్టికి పోస్తానా?"

"అయితే పైకి చెప్పిందన్నా నువ్వే గదా?"

"ఎవరూ చెప్పలేదండీ," అంది అల. "నీళ్లు తగ్గితే మాకు తెలీదా?"

అప్పుడు సుంకులమ్మ వంటింటి గుమ్మం దగ్గర నుంచి, "నేనే పోసినా," అంది.

ఓబులేసు ఆమె వైపు తిరిగాడు.

"పోయిన కార్తీకంలో పొదుపు సంఘమోళ్లతో కాళహస్తి పోలేదా. బస్సు ఆడ నిలబల్లేదు. మైపాడు దాకా పోయింది. అందరూ నీళ్లల్లో దిగినారు, నేనూ దిగినా. వచ్చేటప్పుడు సీసాలో పట్టుకొచ్చి బియ్యం డబ్బాలో పెట్టినా."

"నాతో చెప్పలేదే?"

"ఎట్ల చెప్పల్ల? పెండ్లయిన కాణ్ణుంచి నేనే సముద్రం చూపిస్తా, నేనే చూపిస్తా అంటివి. షాపు మూసేదానికి లేక ఏ ఏడూ పోలేకపోతివి. నేను చూసొచ్చేసినా అంటే ఆ మాట ఏమైపోతాది? ఈ తొట్టి పెట్టి, ఉప్పు కలిపి, ఇదే సముద్రం చూడు అంటివి. నీ ముఖం చూసి, కొంచెమన్నా నిజం కానీలే అని పోసినా."

ఓబులేసు స్టాండు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కోపం రావాలని అతనికి తెలుస్తోంది. అది వచ్చేలోపు వేరే మాట వచ్చింది.

"ఎట్లుంటాది?"

సుంకులమ్మ అల వైపు చూసి, "సార్ మాదిరే. ఇంగా శానా మంది," అంది.

అల తీర్పు అక్కడికక్కడే చెప్పింది. భార్యది దొంగతనం, భర్తది నకిలీ. రెండూ ఒకే తొట్టిలో కలిసిపోయాయి కాబట్టి ఏది ఎవరిదో విడదీయడం కుదరదు, కాబట్టి కేసు లేదు. ఓబులేసు రెండు చేతులూ జోడించాడు. అయితే, అంది అల, అసలైన నీళ్లలో ఏది కలిసినా అదంతా అసలైనదే. నదుల విషయంలో ఎప్పటినుంచో పాటిస్తున్నది ఇదే. కాబట్టి ఈ తొట్టి సముద్రం. సముద్రం ఇంట్లో ఉండదు, ఇల్లే సముద్రంలో ఉంటుంది. ఇకనుంచి ఇక్కడికి రోజూ ఆటుపోట్లు వస్తాయి. పోటు సమయంలో మనుషులు ఖాళీ చేయాలి.

"మా ఇల్లు సార్ ఇది," అన్నాడు ఓబులేసు.

"ఇల్లు మీదే. మేం కాదనలేదు. స్థలం మాది."

మొదటి పోటు చీలమండ దాకా వచ్చింది. తర్వాతివి మోకాళ్ల దాకా, ఆ తర్వాతివి కిటికీ దాకా వచ్చాయి. అలలు వరసగా వీధిలోంచి నడిచి వచ్చి, చెప్పులున్న చోటు తప్పించి లోపలికి వెళ్లేవి. చేపలు వంటింట్లో తిరగసాగాయి. పగడాలు తొట్టి దాటి మిక్సీ మీదా, దేవుడి అరమీదా పెరిగాయి. చాలా బాగా పెరిగాయని అందరూ ఒప్పుకున్నారు. పోటు ఉన్నంతసేపూ భార్యాభర్తలు తిరుపాలు అరుగు మీద కూర్చునేవాళ్లు. ఉమ్మడి గోడ చెమ్మగిల్లిందని తిరుపాలు తన ఇంటిని కూడా తీరం కింద రాయించుకోవాలని చూశాడు. పరిహారం ఏమీ రాదని తెలిశాక ఆ గోడకు సున్నం కొట్టించి, చెమ్మ అనేది ఎప్పుడూ లేదని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

వారానికొకసారి వచ్చే కుళాయి నీళ్లు ఓబులేసు ఇంటికి ఆగిపోయాయి. నీళ్ల ఆఫీసుకు అడగడానికి వెళ్తే, కౌంటరు వెనక మనిషి తల ఎత్తకుండానే, "సముద్రంలో ఉన్నోళ్లకు కుళాయేమిటికప్పా?" అన్నాడు. రేషన్ షాపులో వేలిముద్ర పడలేదు. చిరునామా సముద్రంలో ఉంది, సముద్రంలో మనుషులు ఉండరు, కాబట్టి ఆ ఇంట్లో మనుషులు లేరు. మీరున్నట్టు మీరున్న చోటి నుంచి రుజువు తెమ్మన్నారు. ఓబులేసు ఆ రుజువు కోసం తిరిగిన ప్రతి చోటా అతన్ని ఎగాదిగా చూసి, అతని వెనక ఎవరైనా ఉన్నారా అని కూడా చూశారు.

ఇంట్లోకి వెళ్లడం కూడా కష్టమైంది. నీళ్లు వెనక్కి తగ్గే ఆటు సమయంలో గుమ్మం దగ్గర ఒక అల కాపలా ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోటి వస్తుంది, ఏదీ వీళ్లను గుర్తుపట్టదు. మొదట్లో ఓబులేసు, "ఇది మా ఇల్లు" అని కాగితాలు చూపించేవాడు. కాపలా అల వాటిని తడిపి, వెలుతురుకు పట్టి చూసి, ఇల్లు మాదని అనేవాళ్ల మీదే ఎక్కువ నిఘా పెట్టాలని పైనుంచి చెప్పారని, తర్వాతి ఆటుకు రమ్మనేది. అలా చాలాసార్లు అరుగు మీదనుంచి అరుగు మీదకే తిరిగి వచ్చారు.

ఒకరోజు సుంకులమ్మ అతన్ని పక్కకు జరిపి తానే ముందు నిలబడింది.

"ఎవరండీ మీరు?" అంది అల.

"ఊరోళ్లం సార్. సముద్రం చూద్దామని వచ్చినాం."

అల వెంటనే పక్కకు తప్పుకుంది. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఏ అడ్డూ లేదు. ఓబులేసు ఏదో అనబోతే సుంకులమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

అప్పటినుంచి వాళ్లు అలాగే వెళ్తున్నారు. షాపు యథాప్రకారం నడుస్తోంది. వీధిలో ఇప్పుడు వాళ్ల మీద ఎవరికీ అనుమానం లేదు. మొన్న కాపలాకు వచ్చిన కొత్త అల మాత్రం వాళ్ల చేతిలోని కూరగాయల సంచి చూసి అడిగింది.

"ఎంతసేపుంటారండీ?"

"పోటొచ్చే లోపల పోతాం సార్," అంది సుంకులమ్మ. గబగబా లోపలికి వెళ్లి, పొయ్యి మీద పెరిగిన పగడాన్ని పక్కకు జరిపి ఎసరు పెట్టింది.