ఆఫ్రికా బూడిద, మండపేట చీరలు

శనివారం పొద్దున ఆరింటికల్లా రిటైర్డు టీచరు పాపాయమ్మగారు ఐదు తెల్లచీరలు ఉతికి డాబా మీద ఆరేశారు. అవి మర్నాడు చర్చికి కట్టుకోవడానికి కాదు, పాడవడానికి. మండపేటలో ఆవిడ ఇంటికి కాలవ అవతల నాగేశ్వరప్రసాద్ రైస్ మిల్లు ఉంది. దాని గొట్టంలోంచి నాలుగేళ్లుగా ఊక బూడిద వచ్చి ఆవిడ బట్టల మీద, అప్పడాల మీద, ఆఖరికి మంచినీళ్ల బిందెలో కూడా పడుతోంది. ఎన్నో అర్జీలు పెట్టాక ఇవాళ పదకొండింటికి కాలుష్యం చూసే ఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తున్నారు. గొట్టానికి బూడిద పట్టే యంత్రం పెట్టాలని ఆవిడ చేత రాయించుకోవాలి.

"పొరపాటున కూడా దులపకు" అని కోడలు దీవెనకు గట్టిగా చెప్పారు.

మేడమ్ డాబా ఎక్కేసరికి ఐదు చీరల మీదా మిరియాల పొడి చల్లినట్టుంది. మేడమ్ పెన్ను తీశారు. సరిగ్గా అప్పుడే నాగేశ్వరప్రసాద్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మేడమ్, న్యూస్ చూడలేదాండి? ఆఫ్రికాలో అగ్నిపర్వతం పేలిందంట. బూడిద సముద్రం దాటి ఇండియా మీదకి వచ్చేసింది. విమానాలు ఆపేస్తున్నారు."

"అయితే?"

"అయితే ఏంటండి! ఇది ఆ బూడిదే. మధ్యలో మా మిల్లు పేరు పాడవుతోంది."

"నాలుగేళ్ల నుంచీ పేలుతోందా బాబూ అది?" అని అడిగారు పాపాయమ్మగారు.

"పాత బూడిద సంగతి నాకు తెలీదండి టీచరుగారూ. ఇవాళ్టిది మాత్రం ఆఫ్రికాదే."

మేడమ్ సందేహించి, 'పరిశీలించవలసి ఉంది' అని రాశారు. డాబా మీదే కుర్చీ వేయించుకుని పై ఆఫీసుకు ఫోన్లు మొదలుపెట్టారు.

నాగేశ్వరప్రసాద్‌కు అది చాలలేదు. లోకల్ చానెల్ విలేకరి కిరణ్ కుమార్‌ని పిలిపించి కెమెరా ముందు నిలబడ్డాడు. "మా మండపేట మీద అగ్నిపర్వతం బూడిద కుమ్మరించేస్తోందండి. సూర్యుడే కనపడట్లేదు" అన్నాడు, ఎండకు కళ్లు చికిలించుకుంటూ.

పన్నెండు గంటలకల్లా ఊరంతా మాస్కులు వెతుక్కుంది. ట్యూషన్ సెంటర్లు సెలవిచ్చేశాయి. ఎరువుల కొట్టు లోవరాజు 'విదేశీ బూడిద, కొబ్బరిచెట్లకు భలే బలం' అని బోర్డు పెట్టి పొట్లాలు అమ్మాడు. ఆ సరుకంతా మిల్లు గోడ పక్కన ఎత్తిందే. నాలుగేళ్లు ఆ బూడిదను తిట్టినవాళ్లే లైనులో నిలబడి కొనుక్కున్నారు.

రెండు గంటలకు నాగేశ్వరప్రసాద్‌కు భార్య అమ్మణ్ణి ఫోన్ చేసింది. పాతికేళ్ల పెళ్లిరోజుకు దుబాయ్ తీసుకెళ్తానని ఆయన మాటిచ్చాడు. ఆ సాయంత్రమే రాజమండ్రిలో విమానమెక్కి, హైదరాబాద్‌లో దుబాయ్ విమానం అందుకోవాలి.

"ఏమండీ, రాజమండ్రి విమానం ఆపేశారంట! మండపేటలో అగ్నిపర్వతం బూడిద పడుతోందని ఎవడో తెలివితక్కువాడు టీవీలో వాగాడంట. కాదని ఆఫీసరు సంతకంతో కాగితం వస్తేగానీ కదలదంట. ఈసారి కూడా వాయిదా అన్నారో, నేను పుట్టింటికెళ్లిపోతాను!"

ఆ తెలివితక్కువాడు రెండేసి మెట్లు దాటుకుంటూ డాబా ఎక్కాడు.

"మేడమ్! ఈ బూడిద మాదేనండి. మా గొట్టం మీద ఒట్టు!"

"అలా తగ్గించుకోకండి బాబూ" అన్నారు పాపాయమ్మగారు. "ఖండాలు దాటొచ్చిన బూడిద. మీ మిల్లుకి అంత స్థాయి ఎక్కడిది?"

"ఎగతాళి చెయ్యకండి టీచరుగారూ, మా ఆవిడ పెట్టె సర్దేస్తోంది!"

"దుబాయ్‌కేనా?"

"ఇందాకటిదాకా దుబాయ్‌కేనండి!"

మేడమ్ మాత్రం చలించలేదు. "రుజువు కావాలండి" అన్నారు.

నాగేశ్వరప్రసాద్ మిల్లుకు ఫోన్ చేసి బాయిలరు ఆపించాడు. దీవెన ఆరో చీర ఆరేసింది. నలుగురూ దాని చుట్టూ కూర్చుని, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు గంటసేపు చూశారు. ఒక్క నలుసు కూడా పడలేదు.

"చూశారాండి! మాదే!" అని నాగేశ్వరప్రసాద్ పరీక్ష పాసైనవాడిలా గంతేశాడు.

వెంటనే కాగితం రాశాడు. ఈ బూడిద సంపూర్ణంగా తన మిల్లుదేనని, నాలుగేళ్లుగా పడుతున్నది కూడా తనదేనని, నెలలోగా యంత్రం పెట్టిస్తానని ఒప్పుకున్నాడు. పాపాయమ్మగారు మూడు తప్పులు దిద్ది సాక్షి సంతకం పెట్టారు. మేడమ్ ముద్ర వేశారు. ఆ కాగితం ఫొటో చేరగానే విమానం కదలడానికి అనుమతి వచ్చింది.

దంపతులిద్దరూ హైదరాబాద్‌లో దిగి, తలెత్తి బోర్డు చూశారు. అగ్నిపర్వతం బూడిద కారణంగా దుబాయ్ విమానం రద్దయింది.

అమ్మణ్ణి పెట్టె మీద కూర్చుని, భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఈ బూడిద కూడా మనదేనా?"