పడలేదు, దిగారు

"నర్సీపట్నం ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, జీడిపిక్కల అభివృద్ధి మండలి ఛైర్మన్ శ్రీ గణేశ్వరరావు గారు మార్కెట్ వీధిలోని మురుగుకాలువలో పడలేదు. దిగారు."

ఈ ప్రకటనను పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద ప్రింట్ చేసింది నేనే. మార్కెట్ వీధిలో నాది ఫ్లెక్సీల షాపు. ఎదురుగా కాలువ, కాలువకి అవతల జోగులమ్మ ఇడ్లీ కొట్టు. అందుచేత చరిత్ర జరుగుతున్నప్పుడు నేను కుర్చీలోంచి లేవకుండానే చూశాను.

ఆ పొద్దున్న గణేశ్వరరావు గారు ప్రజల్లో మమేకం కావడానికి బయలుదేరారు. మమేకమయ్యేటప్పుడు నాయకుడన్నవాడు కెమెరా వైపు చూడాలి గానీ కాళ్ళ వైపు చూడకూడదు. ఆయన అలాగే చెయ్యి ఊపుతూ నడిచి, "ఓలమ్మో!" అని కనబడకుండా పోయారు. చెయ్యి మాత్రం పైనే ఉంది, ఇంకా ఊగుతోంది. జోగులమ్మ ఇడ్లీ రేకులు వదిలేసి పరిగెత్తుకొచ్చి, ఆ చెయ్యి పట్టుకుని లాగింది.

"దెబ్బలేటీ తగల్లేదు కదా బాబూ? తవరే కదా శంకుస్థాపనని సెప్పి కాలవ మీద పాత పలకలు పగలగొట్టించేరు! కొత్త సిలాబు ఎప్పుడేయిత్తారు? కొట్టుకొచ్చేవోళ్ళు ఒక్కలూ లేరు. ఇలాగైతే కొట్టు మూసీసి, గొలుగొండెల్లి సెరుకు నరుక్కోవాల."

అంతటి మనిషి నిలువునా మురుగులో తడిసి నిలబడితే ఈవిడకి స్లాబ్ కావాలట! నాకు ఒళ్ళు మండింది. ఆ శంకుస్థాపన ఎంత ఘనంగా జరిగిందో ఆవిడకేం తెలుసు? ఆ ఫ్లెక్సీలు కూడా నావే.

సాయంత్రానికి ఆ వీడియో మాకవరపాలెం నుంచి రావికమతం దాకా అందరి ఫోన్లలో ఉంది. ఎవడో దానికి డప్పు కూడా కలిపాడు. పార్టీ పెద్దలు ఫోన్ చేసి తిట్టలేదు, నవ్వారు. తిడితే పదవి ఉంటుంది, నవ్వితే ఉండదు. గణేశ్వరరావు గారికి ఆ సంగతి బాగా తెలుసు కాబట్టి వెంటనే విశాఖపట్నం నుంచి ధర్మతేజ అనే రెప్యుటేషన్ కన్సల్టెంట్‌ని పిలిపించారు. పరువు పోతే తిరిగి తెచ్చే ఉద్యోగం అది. మొదటి మీటింగ్ ఏసీ ఉందని నా షాపులోనే పెట్టారు.

"సార్, మీరు కాలువలోకి ఎందుకు దిగారు?" అన్నాడు ధర్మతేజ.

"దిగడవేటయ్యా, పడిపోనాను."

"సార్, ఎందుకు దిగారు?"

ఈసారి గణేశ్వరరావు గారికి అర్థమైంది. "పూడిక సూద్దారని."

"ఎక్సలెంట్! చూశారా?"

"కళ్ళలోకి కూడా ఎల్లింది."

"సూపర్ సార్. గ్రౌండ్ లెవెల్ కన్నా కిందికెళ్ళి సమస్యను చూసిన ఏకైక నాయకుడు. ఇదీ మన నేరేటివ్."

నేను ఉండబట్టలేక, "మరి 'ఓలమ్మో' అని అరిచారు కదండీ, వీడియోలో వినబడుతోంది," అన్నాను.

"అది అరుపు కాదు, పలకరింపు. ఎదురుగా ఒక మాతృమూర్తి ఉంది, పలకరించారు."

ఆహా! చదువంటే ఇదీ అనుకున్నాను.

అయితే పాత వీడియోలో దిగుతున్నట్టు సరిగ్గా కనబడడం లేదు గనక, ఇంకోసారి దిగి నీట్‌గా షూట్ చెయ్యాలన్నాడు ధర్మతేజ. కాలువలో ఆ ముక్క వరకూ కడిగించి, రెండు ట్యాంకర్ల మంచినీళ్ళు పోసి, అత్తరు చల్లించాడు. "వీడియోలో వాసన రాదు కదండీ," అని నేనంటే, "సార్‌కి వస్తుంది," అన్నాడు. గణేశ్వరరావు గారు హెల్మెట్ పెట్టుకుని నిచ్చెన మీంచి దిగి, టార్చి వేసి, నీళ్ళకేసి గంభీరంగా చూశారు. అభిమానులు ఆగలేకపోయారు. కాలువకి పాలాభిషేకం చేసేశారు. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

జోగులమ్మ మళ్ళీ వచ్చింది. "బాబూ, మరి సిలాబు..."

ధర్మతేజ వెంటనే ఆవిడకి శాలువా కప్పించి, 'రెస్క్యూ అంబాసిడర్' అని బిరుదు ఇప్పించాడు.

"ఈ సాలువా కాలవ మీద పరిత్తే జనం దాటొత్తారేటి బాబూ?" అంది జోగులమ్మ. ఎంత ఇచ్చినా తృప్తి లేని మనుషులుంటారు.

గణేశ్వరరావు గారిది జాలిగుండె. "పోనీ సిలాబు ఏయించీద్దునా?" అన్నారు.

ధర్మతేజ కుర్చీలోంచి లేచిపోయాడు. "సార్! స్లాబ్ వేశామంటే ఇన్నాళ్ళూ లేదని మనమే ఒప్పుకున్నట్టు. మీరు దిగిన చోటుని మీరే మూసేస్తారా? అక్కడ ఫలకం పెట్టాలి సార్, ఫలకం!"

నల్ల గ్రానైటు వచ్చింది. నిలబెడితే నా కన్నా ఎత్తు. దాని మీద బంగారు రంగులో పైన 'ప్రజానాయకుడు', నడుమ 'శ్రీ గణేశ్వరరావు గారు', కింద 'దిగిన స్థలం' అని చెక్కించారు. ఎండ అటు బాగా పడుతుందని జోగులమ్మ కొట్టు ముందే దిమ్మ కట్టి నిలబెట్టమన్నాడు ధర్మతేజ. తాపీమేస్త్రీ సింగన్నని పిలిచి, "ఫలకం ఆ పక్కన పెట్టు, తెర కట్టు, పొద్దున్నకల్లా రెడీ," అని చెప్పి కారెక్కాడు.

మర్నాడు పొద్దున్న ఎంత వైభవం! రోడ్డు మీంచి కాలువ దాటి దిమ్మ దాకా ఎర్ర తివాచీ పరిచారు. రెండు ఛానెళ్ళ వాళ్ళు లైవ్ పెట్టారు. జోగులమ్మ కొట్టు నిండా జనం. బల్లలు చాలక నిలబడి తింటున్నారు. చూశారా, నాయకుడు వస్తున్నాడంటే వ్యాపారం ఎలా పుంజుకుంటుందో! గణేశ్వరరావు గారు చెయ్యి ఊపుతూ, కెమెరా వైపే చూస్తూ, ఈసారి ఎక్కడా కనబడకుండా పోకుండా కాలువ దాటారు. చప్పట్లు మోగాయి. తాడు పట్టుకుని తెర లాగారు.

తెర వెనకాల దిమ్మ ఉంది. దిమ్మ మీద ఏమీ లేదు.

"ఫలకం ఏదయ్యా?" అన్నాడు ధర్మతేజ.

"దాని మీంచే కదండీ తవరంతా వచ్చేరు," అన్నాడు సింగన్న. తివాచీ అంచు ఎత్తి చూపించాడు. కాలువ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నల్లగా నిగనిగలాడుతూ పడుకుని ఉంది ఫలకం. "ఆ పక్కన దిమ్మ కట్టమన్నారు. ఇసక, సిమెంటు మొయ్యడానికి దారేదండి? దీన్నే ఏసుకుని మోసేను. మళ్ళీ లేపుదునంటే తెల్లారకుండానే ఇడ్లీలకి జనం దిగబడిపోనారు. అచ్చరాలు పైకే ఉన్నాయండి, సెక్కినవి కదా, కాలు జారదు."

గణేశ్వరరావు గారి ముఖం కందగడ్డయింది. "నా పేరు తొక్కుకుంటా ఇడ్లీలు తింతన్నారేటి? తీసీ! బేగి తీసీ!"

"తీసీమంటే ఇప్పుడే తీసెత్తాడు బాబూ," అంది జోగులమ్మ సాంబారు గరిటె పట్టుకుని. "మరి తవరెటెల్తారు?"

గణేశ్వరరావు గారు కాలువ వైపు చూశారు. ఈసారి ఎవరూ అత్తరు చల్లలేదు. ధర్మతేజ వైపు చూశారు. ధర్మతేజకి మొదటిసారి ఇంగ్లీషు రాలేదు. లైవ్ నడుస్తూనే ఉంది.

ఆయన మెల్లగా వంగి బూట్లు విప్పుకున్నారు. వాటిని చేత్తో పట్టుకుని, తన పేరున్న వరస మీద కాలు పడకుండా పంచె ఎత్తి ఒక్క గెంతు గెంతి, 'దిగిన స్థలం' దగ్గర కాలు పెట్టి, రోడ్డెక్కారు. ఒక పేరు మీద అంత భక్తి నేనింతవరకూ ఎక్కడా చూడలేదు.

"సింగన్నా, రేపు తీసీ," అన్నారు వెనక్కి చూడకుండా.

"అలాగే బాబూ," అన్నాడు సింగన్న, ఇడ్లీ నములుతూ.

జోగులమ్మ రెండో వాయి దించింది. నాకూ ఆకలేసింది. రోడ్డు మీద ఉన్న మేమంతా చెప్పులతోనే దాటాం.