బ్లాగు విందులో ఆఖరి పంక్తి

డెట్రాయిట్ శివారు ఊరు నోవైలో మంచు మోకాలిలోతు పడిన ఒక శనివారం ఉదయం లక్ష్మీపతి ఒకే ఒక్క ఈమెయిల్ రాద్దామని కూర్చున్నాడు. అది 2012 ఫిబ్రవరి. కార్ల కంపెనీలో ఉద్యోగం చేస్తూనే మూడేళ్లుగా చిన్న వ్యాపారుల కోసం ఇంగ్లీషులో ఒక మార్కెటింగ్ బ్లాగు నడుపుతున్నాడు. బ్లాగు బాగుంది గానీ బాగుపడలేదు. డెట్రాయిట్‌లో జరిగే చిన్న వ్యాపారుల సదస్సువాళ్లు మార్చి ఆఖర్లో బ్లాగు చూస్తామనీ, నచ్చితే వేదిక మీద మాట్లాడడానికి పిలుస్తామనీ అన్నారు. ఈలోగా ఒక మంచి అతిథి వ్యాసం పడాలి. అది రాయగలిగింది వీధి చివర ఉండే సుమతి. ఒక్క ప్రకటనా లేకుండా నలభై ఇళ్లకు ఇడ్లీ పిండి అమ్ముతున్న మనిషి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి అతని వ్యాసాల్లో తప్పులు దిద్దేదీ ఆమే.

భార్య నళిని కాఫీ ఇస్తూ తెర మీదికి తొంగిచూసింది.

"సుమతినొక్కదాన్నే పిలుస్తారా? రేపు రాజారావు గారు ఫీలవ్వరూ? పిలిస్తే అందర్నీ పిలవాలి, లేకపోతే ఊరుకోవాలి."

పిలుపుల విషయంలో లక్ష్మీపతికి ఆవిడ మాటే శాసనం. తెలుగు సంఘం జాబితాలో ఉన్న రెండువందల పద్నాలుగు కుటుంబాలకూ ఆహ్వానం పంపేశాడు. ఎవరు రాస్తారులే అనుకున్నాడు.

సోమవారానికి ముప్పై ఒక్క వ్యాసాలు వచ్చాయి. అతిథులు అతి అయ్యారు. రిటైరైన గుండె డాక్టరు రాజారావు గుండె జాగ్రత్తల మీద పదకొండు భాగాలు పంపారు. రామమోహన్ తన గ్రాండ్ కాన్యన్ యాత్రను డెబ్భై ఫోటోలతో సహా పంపాడు. మార్కెటింగ్ గురించి రాసింది సుమతి ఒక్కతే. పేరు 'మంచులో నలభై ఇళ్లు'. లక్ష్మీపతి దాన్ని రెండుసార్లు చదివాడు. దిద్దడానికి ఒక్క కామా కూడా దొరకలేదు.

మిగతావి తిప్పి పంపితే, తలా ఒక వంటకం తెచ్చుకునే వచ్చే పాట్‌లక్ విందులో ఆ పెద్దమనుషుల పక్కన ప్లేటు పట్టుకుని ఎలా నిలబడతాడు? అందుకని వయసు ప్రకారం వేయడం మొదలుపెట్టాడు. తన కాన్యన్ రాజారావు గారి గుండె కింద ఎందుకుందని రామమోహన్ అలిగాడు. కాన్యన్‌ను పైకి తెస్తే డాక్టరుగారి రక్తపోటు కూడా పైకొచ్చింది. రాజీ కోసం ఇద్దరివీ రోజు మార్చి రోజు వేశాడు. పాత పాఠకులు ఒక్కొక్కరే జారుకున్నారు.

నాదెప్పుడు వేస్తారని సుమతి ఒకసారి అడిగింది.

"నువ్వు మన ఇంటిమనిషివమ్మా. ముందు బయటివాళ్లని కూర్చోబెట్టనీ. ఇంటివాళ్లది ఆఖరి పంక్తే కదా."

"సరే అన్నయ్యా" అంది. ఆఖరి పంక్తికి సాంబారు మిగలదని ఆమె అనలేదు. ఆ ఆదివారం ఫోన్ మాత్రం రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు.

మార్చి ఆఖర్లో సదస్సు నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ గుండె ఆస్పత్రి బ్లాగు చూశామనీ, ఈ ఏడాది వైద్యులకు చోటు లేదనీ రాశారు. చివర్లో ఒక చిన్న సాయం అడిగారు. సుమతి అనే ఆవిడ కొత్తగా మొదలుపెట్టిన బ్లాగులో 'మంచులో నలభై ఇళ్లు' చదివాం, ఆమెదీ మీ ఊరేనట, నంబరుంటే ఇవ్వగలరా?

లక్ష్మీపతికి అది చూడకుండా రాయగలిగిన నంబరు. రాసి పంపాడు.

ఏప్రిల్‌లో సదస్సుకు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. సుమతి చాలా బాగా మాట్లాడింది. మూడేళ్లపాటు లక్ష్మీపతి గారి వ్యాసాలు దిద్దుతూనే ఇదంతా నేర్చుకున్నానని చెప్పింది. అతను తల వంచుకుని కోటు గుండీ సరిచేసుకున్నాడు. బయటికొచ్చాక, ఎలా క్షమాపణ చెప్పాలో తెలియక, వేరే మాట అడిగాడు.

"సుమతీ, నీ బ్లాగుకి నేనొకటి రాయనా?"

"అయ్యో, రాయండన్నయ్యా. కాకపోతే రాజారావు అంకుల్ నాక్కూడా పదకొండు భాగాలూ పంపేశారు. ఆయనవి అయ్యాక మీదే. మీరు మన ఇంటిమనిషే కదా" అంది నవ్వుతూ.

అప్పటినుంచి లక్ష్మీపతి తన వంతు కోసం ప్రతి ఆదివారం ఆ బ్లాగు తెరుస్తున్నాడు. తన బ్లాగులో వేసినప్పుడు చదవలేదు గానీ, ఆరో భాగం బాగానే ఉంది.