ఖాళీ ఊరికి చాటింపు

చప్పుడు పుట్టడానికి చెవులు కావాలని నమ్మే అమాయకులు ఈ లోకంలో ఇంకా ఉన్నారట! పాఠకులారా, మీరూ ఆ జాతివారైతే నాట్ల కాలంలో, మిట్టమధ్యాహ్నం పూట మా ఊరికి రండి. మా ఊరి చాటింపు వినండి.

వినండి అన్నానా? పొరపాటు. వినడంతో దానికి పనిలేదు.

మా పంతులమ్మ విమలమ్మ ఒకనాడు బడిలో అడిగింది. అడవిలో పెద్ద చెట్టు విరిగి పడింది, చుట్టుపక్కల మనిషి లేడు, పురుగు లేదు. మరి చప్పుడైనట్టా, కానట్టా? ఆడపిల్లలందరం పలకల వెనక ముఖాలు దాచుకున్నాం. నలుగురిలో నాకు మాట పెగలదు. అందుకే ఇంటికొచ్చి నా పుస్తకంలో రాసుకున్నాను: "పటేలును అడగాలి."

అడగకుండానే మా ఊరి పెద్ద పటేలు తేల్చేశాడు!

పైనుంచి హుకుం వచ్చింది. ఆడపిల్లలను బడికి పంపేవాళ్లు శుక్రవారం చావడికి వచ్చి పేర్లు రాయించాలి. పది పేర్లు లేకపోతే బడి మూసేసి, పంతులమ్మను ఎల్లారెడ్డికి పంపేస్తారు. పటేలు వెంటనే యాకూబు కాకను పిలిచి డప్పు కొట్టించాడు. ఎప్పుడు? ఊరంతా మోకాలిలోతు బురదలో నాట్లు వేస్తున్నప్పుడు!

ఆ చాటింపుకు హాజరైనవారు: రెండు బర్రెలు, పిల్లలకోడి ఒకటి, చెవులు వినపడని మా పెద్దవ్వ, జ్వరంతో పడుకున్న నేను. ఒక బర్రె శ్రద్ధగా తల ఊపింది. దూడను చదివించే ఉద్దేశం ఉందేమో!

"ఊరంతా విన్నారు" అని పట్వారి కాయితం మీద రాశాడు. పటేలు దస్కతు పెట్టాడు.

ఇందులోని సుఖం మీకు అర్థమవుతోందా? జనం వింటే గుమిగూడతారు. గుమిగూడితే అడ్డప్రశ్నలు వేస్తారు. ఖాళీ ఊరు ఎంత బుద్ధిమంతురాలు! ఒక్క ప్రశ్న వేయలేదు. కామారెడ్డి స్టేషనులోనూ ఇదే శాస్త్రం. మా పెద్దవ్వ బండి ఇంకా తాడ్వాయి దాటకముందే రైలు కూత వేసి వెళ్లిపోయింది. "కూత వేశాం కదా!" అన్నారు. నిజమే మరి. పెద్దవ్వ చెవులు ఆలస్యంగా బయలుదేరితే రైలుదా తప్పు?

ఆ సాయంత్రం బాపు కాళ్లు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్లాను.

"బాపూ, మా బడి మూస్తరట."

"ఆఁ?"

"బడి... శుక్రవారం..."

"ఏందో గునుస్తున్నవ్. ముందుగాల బువ్వ పెట్టుమను మీ అవ్వను."

అప్పుడు నా సిద్ధాంతం పూర్తయింది. పడిన చెట్టు పటేలుదైతే అడవిలో ఎవరూ లేకపోయినా చప్పుడైనట్టే. చెట్టు నావంటిదైతే, పక్కనే బాపు నిలబడ్డా కానట్టే!

సిద్ధాంతం బాగానే ఉంది. కానీ బడి పోతుంది కదా? తెల్లారి జ్వరం తగ్గగానే యాకూబు కాక ఇంటికి వెళ్లాను.

"కాకా, నిన్న నువ్వు కొట్టింది ఎవలు విన్నరు?"

"వినుడు నా పనా బిడ్డా? కొట్టుడు నా పని."

"పొలాల కాడ కొట్టద్దన్నడా పటేలు?"

కాక గడ్డం గోక్కున్నాడు. "అనలే. అననైతే అనలే." గడ్డి మంట వేసి డప్పు కాచాడు.

గట్టు మీద డప్పు మోగగానే నాట్లు వేసేవాళ్ల పాట ఆగిపోయింది. కాక నావైపు తిరిగి, "మాటలు మర్శిన బిడ్డా, నువ్వే చెప్పు" అన్నాడు. అబద్ధం! ఎన్నేళ్ల కిందటి చాటింపైనా పొల్లుపోకుండా చెప్పగలడు ఆయన.

చెప్పాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పాను.

బురదలోంచి హన్మవ్వ అరిచింది: "ఏందే, దోమ లెక్క! బువ్వ తినలేదా? గట్టిగ చెప్పు!"

మూడోసారి కళ్లు మూసుకుని అరిచాను. గట్టు అవతల కొంగలు లేచిపోయాయి.

శుక్రవారం బురదకాళ్లతోనే ఆడవాళ్లంతా చావడి నింపేశారు. పటేలు ముఖం చూడాలి!

"మీకెవలు చెప్పిన్రే?"

"నువ్వే గద పటేలా!" అంది హన్మవ్వ. "మొన్న పగటీలి ఊర్ల డప్పు కొట్టిస్తివి. గది విని వచ్చినం."

"గప్పుడు మీరంత పొలంల ఉంటిరి గద!" అనేశాడు పటేలు.

అని, నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే ఆ మాట చావడంతా విన్నది. ముందు హన్మవ్వ నవ్వింది, తర్వాత అందరూ. పట్వారి కాయితం చూశాడు. "ఊరంతా విన్నారు" అని తన చేతిరాతే! విన్నవాళ్లను వినలేదని ఎలా కొట్టేస్తాడు? పేర్లు రాసుకున్నాడు. పదహారు! యాకూబు కాక మాత్రం చావడి దూలాలు లెక్కపెడుతున్నాడు.

ఇంటికి నడుస్తుంటే వెనకనుంచి బాపు గొంతు వినిపించింది.

"ఏమే గంగామణీ, బడి మూస్తరని ఊరంత చెప్పుకుంటున్నరు. నాకొక్క మాట చెప్పద్దా?"

"చెప్పిన బాపూ."

"ఆఁ?" అన్నాడు బాపు.