మూడు ఆసులు, వెనక వామన్‌రావుగారు

ఈ శీర్షికలో నేను కళ్లారా చూడనిది ఒక్క అక్షరం కూడా రాయను. మా ఊరి బడిలో బెత్తం నేర్పిన అలవాటు అది.

కాబట్టి నమ్మండి: పేకాడేవాడి వెనక నిలబడి, ముక్కలు చూసి సలహా చెప్పే మనిషి దేశానికి మహోపకారి!

నవ్వకండి. అందరికీ ఓట్లు వచ్చిన ఈ రోజుల్లో ఒక్కడే మూడు ఆసులు గుండెలకు హత్తుకుని కూర్చోవడం ఏం న్యాయం? మొజంజాహీ మార్కెట్‌లో మీరు ఖర్బూజా బేరం చేస్తుంటే, "ఇంట్ల అల్లుడొచ్చిండు, ఎంతకైనా తీస్కపోతడు" అని పండ్లవాడికి విప్పి చెప్పే పెద్దమనిషి లేకపోతే, ఆ బేరం ఎప్పటికి తెమిలేను?

పోయిన వేసవిలో నాంపల్లి స్టేషన్ వెనక జరిగింది వినండి. అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసే పెంటయ్య, ప్రెస్సులో అక్షరాలు కూర్చే హెర్బర్ట్, లక్డీకాపూల్ దఫ్తర్లో చప్రాసీ బాలమల్లు. ముగ్గురికీ ఒకటే రేకుల గది, ఒకటే ఫ్యాన్. దాని కింద పట్టేది ఒక్క మంచం! వేసవంతా ఆ చోటు ఎవరిదో మూడుముక్కలాటలో తేల్చుకుందామనుకున్నారు. పందెం చింతగింజలు. పొద్దుగూకేసరికి ఎవరి కుప్ప పెద్దదైతే ఫ్యాన్ వాళ్లది.

చివరి ఆటకు బాలమల్లు కుప్ప పెద్దది, పెంటయ్యది చిన్నది. పైగా పెంటయ్య వీపంతా చెమటకాయలు. చొక్కా తగిలితే చాలు, మంట. ముక్కలెత్తి చూశాడు. మూడు ఆసులు! ఆ ఆటలో దానికి మించింది లేదు.

ఇప్పుడెలా ఆడాలి? పిడికెడు గింజలు కుమ్మరిస్తే ఇద్దరూ జడిసి ముక్కలు పారేస్తారు, దక్కేది ఏమీ ఉండదు. ఏడుపు మొహం పెట్టి ఒక్కొక్కటే వేస్తే, వాళ్లే రెచ్చిపోయి కుప్పలు తెచ్చి ముందు పోస్తారు. పెంటయ్య రైలు తప్పినవాడిలా నిట్టూర్చి, ఒకే ఒక్క గింజ ముందుకు తోశాడు.

"ఏంది పెంటన్నా, గింజ గూడ బరువైతుందా?" అంటూ బాలమల్లు గుప్పెడు గింజలు తీశాడు. పెంటయ్య వీపు మీద అప్పుడే గాలి ఆడినట్టయింది.

సరిగ్గా అప్పుడు, ఛాయ్ తాగిపోదామని వచ్చి పెంటయ్య వెనక నిలబడ్డ పక్కింటి వామన్‌రావుగారిలో పరోపకారం పొంగింది.

"గట్ల పిరికోని లెక్క ఒక్కటేస్తవేందయ్యా! గిసుమంటి ముక్కలు నా జన్మల చూడలే. జర ధైర్యం చెయ్!"

బాలమల్లు చెయ్యి గింజలతో సహా వెనక్కి వెళ్లింది. హెర్బర్ట్ ముక్కలు బోర్లా పెట్టి, "మీరు సల్లగుండాలె పంతులూ!" అని దండం పెట్టాడు.

"మంచిమాట చెప్తే నా దిక్కు గట్ల చూస్తవేంది?" అని పెంటయ్యను నిలదీశారు వామన్‌రావుగారు.

చూశారా! ఒక్క మాటతో ఇద్దరి గింజలు నిలబడ్డాయి. గెలుపు గర్వం పెంటయ్యకు అంటనే లేదు. వేసవంతా గుమ్మం దగ్గర పడుకుని విసనకర్ర తిప్పాడు. చేతికి ఎంత కసరత్తు!

ఇంతవరకు రాశానో లేదో, నా కుర్చీ వెనక నుంచి గొంతు.

"ఫ్యాన్ ఏడికెల్లొచ్చిందయ్యా? గా గదిల కరెంటే లేకుండె గద!"

ఔను, ఫ్యాన్ నా కల్పన. ఉన్నది ఒక కిటికీ. వాళ్లు కొట్లాడింది దాని పక్క జాగా కోసం. పోనీ మొదటి వాక్యం కొట్టేద్దామంటే, "ఉండనియ్, మంచిగుంది" అన్నారు వామన్‌రావుగారు.

ఇలాంటి మహోపకారుల గురించి నా అసలు అభిప్రాయమా? రాయాలనే ఉంది. ఆయనింకా వెనకే నిలబడి ఉన్నారు.