అంతిమయాత్ర బండికి ఆయిల్ కూలర్

ఆ రోజు పొద్దున డ్రైవర్ వేసుకున్న పథకం చిన్నదే. బావమరిది కొత్తగా బిగించిన కూలర్‌ని ఊళ్లో ఒక చుట్టు తిప్పి పరీక్షించాలి. పదకొండింటికల్లా ఆసుపత్రి వెనక గేటుకి చేరాలి. అక్కడున్న శవాన్ని దారిలో ఎక్కడా ఆగకుండా శ్మశానానికి చేర్చాలి. ఆ చివరి పని సరిగ్గా జరక్కపోతే బండి తుక్కుకి, తను ఇంటికి. బండి నడిపించే సేవాసంఘం కార్యదర్శి ఆ ముక్క ముందురోజే మొహమ్మీద చెప్పేశాడు.

కార్యదర్శి కోపానికి కారణం లేకపోలేదు. పోయిన వారం రిటైరైన హెడ్మాస్టరుగారిని తీసుకెళ్తుంటే బండి సరిగ్గా వంతెన మధ్యలో చతికిలబడింది. కొడుకులూ అల్లుళ్లూ ఏడుపు ఆపుకుని బండి తోశారు. అలా జరగడం అది మొదటిసారి కూడా కాదు. అప్పట్నుంచీ డ్రైవర్‌కి కంటిమీద కునుకు లేదు. బతికున్నవాళ్లు ఎలాగూ అతన్ని చూస్తే మొహం తిప్పుకుంటారు. పెళ్లికి పిలిచేవాళ్లు లేరు, వీధిలో ఆపి కులాసా అడిగేవాళ్లూ లేరు. ఇన్నేళ్లలో నలుగురూ అతనికి దారి వదిలి నిలబడింది ఆ స్టీరింగు వెనక కూర్చున్నప్పుడే. ఆ మర్యాద తనది కాదని, వెనక పడుకున్నవాళ్లదని అతనికి తెలుసు. అయినా అది కూడా పోతే తనకంటూ ఇంకేం మిగలదని దిగులు.

బండి జబ్బేమిటో బావమరిది కనిపెట్టాడు. అతను మెకానిక్. "తప్పు ఇంజన్‌ది కాదు బావా, నడకది," అన్నాడు. "నువ్వు నడిపేది మనుషులు నడిచే వేగంలో. ముందు నుంచి గాలి తగలదు. లోపల ఆయిల్ కాగి కాగి నీళ్లలా పల్చబడిపోతోంది. దానికి విడిగా ఇంకో కూలర్ పెట్టి, సొంత ఫ్యాన్ ఇస్తే సరి." తుక్కులో పడున్న ఓ లారీ నుంచి చిన్న రేడియేటర్‌లాంటి కూలర్ ఊడదీశాడు. నిద్ర మానుకుని దాన్ని బండి అడుగున బిగించి, ఇంజన్ నుంచి రెండు గొట్టాలు లాగాడు.

పరీక్ష కూడా నడక వేగంలోనే జరగాలి. గొట్టాల అతుకుల దగ్గర ఆయిల్ కారుతుందేమో చూడాలి కాబట్టి మెకానిక్ వెనక, శవాన్ని ఉంచే చోట బోర్లా పడుకున్నాడు. బండి అడుగురేకులో ఉన్న కంతలోంచి టార్చి వేసి చూస్తుంటే, చుట్టూ ఉన్న గాజు కిటికీల్లోంచి ఎండ కళ్లలో పడుతోంది. అందుకని బండిలో ఉన్న తెల్లదుప్పటి తలమీద నుంచి కప్పుకున్నాడు. దుప్పటి పొట్టిది. పాదాలు బయటే ఉండిపోయాయి.

"కారితే తలుపు బాదుతా. బాదకపోతే ఆపకు. మధ్యలో ఆపితే ఆయిల్ చల్లారిపోయి మళ్లీ మొదటికొస్తుంది," అన్నాడు లోపల్నుంచి. ఆ మాటలో తప్పేమీ లేదు. తర్వాత జరిగిన తప్పులన్నీ ఆ ఒప్పులోంచే పుట్టాయి.

బండి వీధిలోకి తిరిగేసరికి టైలర్ కత్తెర పక్కన పెట్టి లేచాడు. దుప్పటి కింద పాదాలు చూసి నాలుగడుగులు వెనక నడిచాడు, మనిషన్నాక నడవాలి కదా అని. పక్కకొట్టు యజమాని షట్టరు సగం దించి వచ్చి, ఎవరు పోయారని మెల్లగా అడిగాడు. ఎవరో తెలియకుండా నడుస్తున్నానని చెప్పడానికి టైలర్‌కి నామోషీ అనిపించింది. "మనవాడే," అన్నాడు. కొట్టు యజమాని తర్వాత కలిసినవాళ్లకి అదే చెప్పాడు. మనవాడంటే రాకుండా ఎలా ఉంటారు? మలుపు తిరిగేసరికి ముప్పై మంది అయ్యారు.

డ్రైవర్ ఇదేమీ పట్టించుకోలేదు. అతని చూపంతా ఆయిల్ వేడి చూపించే ముల్లు మీదే ఉంది. అద్దంలో జనం కనిపించకపోలేదు. ఇన్నేళ్లుగా ఆ అద్దంలో జనం తప్ప మరొకటి చూడలేదు కాబట్టి అతనికి అందులో వింతేమీ తోచలేదు. కూరగాయల మార్కెట్ దగ్గర బండి వెనక్కి తిప్పాలనుకున్నప్పుడు మాత్రం రోడ్డు నిండా మనుషులున్నారు. ఎవరిదో శవయాత్ర తన వెనక వచ్చి చిక్కుకుంది కాబోలనుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్లని ఆపడం బాగుండదని, అదే వేగంతో శ్మశానం దారి పట్టాడు.

ఈలోగా గుంపులో ఒకరు ఆ పాదాల మీద నల్లబడ్డ బొటనవేలి గోరు చూశారు. దాని మీద సుత్తి పడిన రోజు మెకానిక్ పెట్టిన కేక వీధంతా విన్నదే. ఆ కబురు మెకానిక్ ఇంటికి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. అతని భార్య చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చి, బండి వెనక తలుపు పట్టుకుని నడవసాగింది.

మెకానిక్ తలుపు ఎందుకు బాదలేదంటే, అప్పటికే అతను నిద్రపోయాడు. భార్య ఏడుపుకి మెలకువ వచ్చింది. "ఇల్లు పట్టకుండా ఇంజన్ల వెంట తిరుగుతావని పొద్దున కూడా కసిరానే. ఏడూళ్లు వెతికినా ఇలాంటి మనిషి దొరుకుతాడా," అంటోంది. ఆ వెనకే తన రిపేరు షెడ్డు చప్పుడు గురించి రెండేళ్లుగా తనతో మాటలు మానేసిన టైలర్ గొంతు. "బంగారంలాంటివాడమ్మా. నేనే అనవసరంగా నోరు పారేసుకున్నా." మెకానిక్ లేవబోయి ఆగాడు. పెళ్లయ్యాక తన గురించి ఇంత మంచి ఎవరి నోటా వినలేదు. ఇంకాస్త విన్నాక లేద్దామనుకున్నాడు.

వంతెన వచ్చింది. బండి దాన్ని ఎక్కింది, దిగింది. ముల్లు కదల్లేదు. చాలాకాలానికి డ్రైవర్ నవ్వాడు. పక్కన నడుస్తున్న పెద్దాయన అది చూశాడు. సొంత బావమరిదిని సాగనంపుతూ పళ్లికిలిస్తున్నాడన్న మాట గుంపు చివరిదాకా పాకింది. ఇద్దరికీ పడేది కాదట అని ఒకరు, చావులో ఏదో తిరకాసుందని ఇంకొకరు అనుకున్నారు. వెనక ఏడుపు బాగా పెరిగింది. పాపం, పోయినవాడెవరోగాని పుణ్యాత్ముడు అనుకున్నాడు డ్రైవర్.

శ్మశానం గేటు దగ్గర కార్యదర్శి కాచుకుని ఉన్నాడు. డ్రైవర్ ఇంజన్ ఆపి దిగాడు. ఎదురుగా బావమరిది భార్య, జుట్టు రేగిపోయి, నేలమీద కూలబడి ఉంది.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు.

"నువ్వే మోసుకొచ్చి నన్నడుగుతావా అన్నయ్యా?" అందామె.

సరిగ్గా అప్పుడే దుప్పటి లేచి కూర్చుంది. "ఒక్క చుక్క కారలేదు బావా," అంది.

కార్యదర్శి గేటు ఊచలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనక వరసవాళ్ల కాళ్లు తొక్కారు. మెకానిక్ భార్య మొగుడి భుజం, చెంప తడిమి చూసుకుని కాసేపు భోరుమంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది. ఎప్పటినుంచి మెలకువగా ఉన్నావని అడిగింది. అతను నిజం చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. టైలర్ తన మాటలు తను వెనక్కి తీసుకుంటున్నానని అందరి ముందూ ప్రకటించాడు. కొట్లు మూసుకుని ఇంత దూరం నడిచి వచ్చినవాళ్లకి మెకానిక్ బతికుండటం తమను అవమానించినట్టే అనిపించింది.

డ్రైవర్ వాళ్లందరినీ చూశాడు. ఇన్నేళ్లలో అతను గుంపుతో మాట్లాడింది లేదు. ఆ రోజు ఓ అడుగు ముందుకేశాడు.

"ఇంత దూరం వచ్చారు. ఆసుపత్రిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నా అన్నవాళ్లు లేరు. ఇప్పుడు తీసుకురావాల్సింది ఆయన్నే. కాస్త ఆయన వెంట నడవండి."

ఎవరాయన, మనకి తెలిసినవాడేనా అని టైలర్ అడిగాడు. తెలియదన్నాడు డ్రైవర్. అప్పుడు ఒకరికి కొట్టు గుర్తొచ్చింది, ఒకరికి బిడ్డ బడి గుర్తొచ్చింది, ఇంకొకరికి పొయ్యిమీద పెట్టింది గుర్తొచ్చింది. బతికున్నవాడి కోసం ఊరంతా నడిచిన జనం చనిపోయినవాడి పేరెత్తగానే క్షణంలో మాయమైపోయారు. డ్రైవర్‌కి వాళ్ల మీద కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

ఆసుపత్రిలో ఆ పెద్దాయన్ని ఎత్తడానికి ఇద్దరే సరిపోయారు. వార్డులో నాలుగు నెలలున్నాడనీ, ఒక్కరూ చూడటానికి రాలేదనీ నర్సు చెప్పింది. మెకానిక్ తలుపు వేసి బావ దగ్గరికొచ్చాడు.

"ఒక మాట చెప్పనా బావా. వెనక నడిచేవాళ్లు లేరు. మామూలు స్పీడులో లాగించెయ్. గాలి బాగా తగులుతుంది. ఈ ట్రిప్పుకి అసలు కూలరే అక్కర్లేదు."

బండి వేడెక్కడం గురించి డ్రైవర్ అన్ని రాత్రులు మేలుకున్నాడు. నడిచేవాళ్లు లేని చావు ఉంటుందని మాత్రం తోచలేదు. చివరికి, "నువ్వు నడువు," అన్నాడు. మెకానిక్ మసి బట్టలతోనే బండి వెనక నిలబడ్డాడు. అతని భార్య తిట్టడం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఆమె కూడా వచ్చింది. వంతెన దాకా తిడుతూనే నడిచింది. వంతెన దాటాక ఏమనుకుందో, కొంగు తలమీదుగా కప్పుకుని, చివరిదాకా మాట్లాడకుండా నడిచింది.

గేటు దగ్గర కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. బండి ఎక్కడైనా ఆగిందా అని అడిగాడు. ఎక్కడా ఆగలేదన్నాడు డ్రైవర్. మరి ఇంతసేపెందుకు పట్టిందన్నాడు కార్యదర్శి. మెల్లగా వచ్చామన్నాడు డ్రైవర్. కార్యదర్శి బండి వెనక్కి వెళ్లి, ఉన్న ఇద్దరినీ లెక్కపెట్టుకుని వచ్చాడు.

"ఈ ఇద్దరి కోసమా? బండిలో ఎక్కించుకుని రావాల్సింది. డీజిల్ దండగ," అన్నాడు.

మర్నాడు డ్రైవర్‌ని సంఘం ఆఫీసుకి పిలిపించి, బండి ఆగనందుకు ఉద్యోగంలో ఉంచారు, ఆలస్యంగా నడిపినందుకు సంజాయిషీ అడిగారు.