హండాలో మొదటి బహుమతి

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవారి వివరం ఇది. ముందు గదిలో మా నాన్న వెంకటరాయప్ప; బాగేపల్లిలో ఎరువుల అంగడిని, మా ఊళ్లో చేపలు పట్టే పోటీ కమిటీని నడిపే అధ్యక్షులు రామాంజినప్పగారు; కార్యదర్శి సునీల్‌కుమార్; మా అన్న గిరీశ్. వంటింట్లో మసాలా నూరుతూ మా అవ్వ అక్కమ్మ. స్నానాల గదిలో, నీళ్లు కాచుకునే రాగి హండాలో, పదకొండు కిలోల కట్ల చేప. వీళ్లందరి మధ్య కాఫీ లోటాలు మోస్తూ నేను, నేత్ర. చేపకు తప్ప అందరికీ కాఫీ ఇచ్చాను.

హండాలో అతిథి ఉన్నందున ఎవరూ స్నానం చేయలేదు. తెల్లవారగానే హండా కింద పొయ్యి రాజేయడం అవ్వకు ఏళ్లనాటి అలవాటు. అందుచేత ముందురోజు సాయంత్రమే కమిటీ అత్యవసరంగా సమావేశమై, ఇంట్లోని అగ్గిపెట్టెలన్నీ అధ్యక్షుల జేబులో ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

విదేశాల్లో పెద్దమనుషులు పెద్ద చేపను పట్టి, తూచి, ఫోటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారని సునీల్‌కుమార్ ఫోన్లో చూశాడు. పట్టిన చేపను వదలడమే నాగరికత అని కమిటీ ఒప్పుకుంది. అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు.

"వదిలేసేదానికి పట్టేదెందుకప్పా? పట్టకుండా ఉంటే పోలేదా?"

ఆమె చదువుకోలేదు కనుక కమిటీ క్షమించింది.

మా చెరువులో ఎనుము, అంటే మీ గేదె, నిలబడితే పొట్ట తడవదు. అయినా శనివారం పొద్దున చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి జట్లు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, మోకాలి లోతు నీళ్లలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాయి. ఎనుములకు ప్రవేశం లేదని కన్నడలో బోర్డు పెట్టారు. కన్నడ రాని ఎనుములు మాత్రం వచ్చాయి. శబ్దానికి చేపలు బెదురుతాయి కనుక అందరూ నిశ్శబ్దంగా ఉండాలని మైకులో రోజంతా, మధ్య మధ్య పాటలు వేస్తూ, చెబుతూనే ఉన్నారు. ఇవన్నీ మీ ఊళ్లోనూ ఇలాగే జరుగుతాయి కాబట్టి ఎక్కువ వివరించను.

మధ్యాహ్నం నేను అన్నకు సంగటి తీసుకెళ్లాను. గట్టు మీద సెల్ఫీకి వెలుతురు బాగుందని వాడు గాలపు కర్ర నా చేతిలో పెట్టి వెళ్లాడు. స్ట్రాబెర్రీ వాసన వచ్చే ఖరీదైన ఎరను చిన్న చేపలు అప్పటికే తిని పోయాయి. నేను సంగటి తుంట ఒకటి గుచ్చి వేశాను. కర్ర వంగింది. నేను నీళ్లలో కూలబడ్డాను. లేచి, చేప ఎటు పోతే అటు నడిచి, చివరకు దాన్ని ఒడ్డుకు లాగాను. టమాట మండీ కాటా మీద తూస్తే పోటీలోకెల్లా పెద్దది అదే అని తేలింది.

మొదటి బహుమతికి జిల్లా క్రీడా శాఖ ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే క్రీడా కోటాలో చిక్కబళ్లాపురంలో ఇంటర్ చెప్పే పీయూ కాలేజీ హాస్టల్‌లో చోటు దొరుకుతుందని మా పీటీ మేష్ట్రు చెప్పారు. హాస్టల్ దొరక్కపోతే నా చదువు పదో తరగతి ఎస్సెస్సెల్సీతో చాలని నాన్న చెప్పాడు. అన్న పీయూసీ వదిలేసి మూడేళ్లయింది. దానివల్ల వాడికీ పీయూసీకీ ఏ ఇబ్బందీ కలగలేదు.

గెలిచిన చేపకు ముఖ్య అతిథి మైసూరు పేటా తలపాగా పెట్టి, శాలువా కప్పి, హారం వేసి నీళ్లలోకి వదలాలని ఆహ్వాన పత్రికలో అచ్చు వేశారు. మా ప్రాంతంలో సన్మానం చేయకుండా ఎవరినీ పంపరు. అతిథి శనివారం రాలేదు, ఆదివారం వస్తానన్నారు. చేప మా హండాలో ఆగిపోయింది. సునీల్‌కుమార్ దాని తల చుట్టుకొలత దారంతో తీసుకున్నాడు.

ఇక తేలాల్సింది సర్టిఫికెట్ మీద పేరు.

"పేరు రాపిచ్చినోడు గిరీశు. గాలమూ వాడిదే," అన్నాడు నాన్న.

"ఎవురు లాగితే వాళ్లదే అని రూల్సులో ఉండాది మామా," అన్నాడు సునీల్‌కుమార్.

"లాగింది యాడ? చేపే వచ్చింది," అన్నాడు అన్న. "నేనుండింటే నాకాడికీ వచ్చుండేది."

"నువ్వు యాడుంటివిరా అప్పుడు?" అంది వంటింట్లోంచి అవ్వ. "మొగం ఫోటో తీసుకుంటా ఉంటివి."

వంటింటి మాటలు చర్చలో భాగం కావని అధ్యక్షులు గుర్తు చేశారు.

నేను లోటాలు కింద పెట్టాను. పరాయివాళ్ల ముందు నోరు తెరవడం నాకు అలవాటు లేదు.

"ఆ సర్టిఫికెట్టు నాకు కావాల," అన్నాను. "హాస్టల్‌కి."

గదిలో నలుగురే ఉన్నా రామాంజినప్పగారు లేచి నిలబడ్డారు.

"సభికులారా, ఆడబిడ్డ అంటే మన నాడుకే వెలుగు. మా కాలంలో ఆడోళ్లు చేపలు వండుతా ఉండ్రి, ఇప్పుడు పడతాండారు. ఇది మన కమిటీ సాధన. ఇట్లాంటి చెల్లెలుండే అన్నకి మొదటి బహుమతి ఇయ్యకపోతే, అది ఆడజాతికే అవమానం."

అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. సునీల్‌కుమార్ చక్కటి అక్షరాలతో గిరీశ్ పేరు రాశాడు. అతను న్యాయం తెలిసినవాడు, అందుకే అడిగాడు:

"మరి ఆ పాపకి?"

ముఖ్య అతిథి ముందర కలశం పట్టుకుని నడిచే గౌరవం నాకు ఇవ్వాలని తీర్మానం అయింది.

చివరి అంశం ఒకటి మిగిలింది. మూడు తాలూకాల నుంచి ఒక్క ఆడపిల్ల కూడా పోటీకి పేరు ఇవ్వలేదు. పత్రికలవాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

"మనమేమో రమ్మంటాండాము, వాళ్లేమో సిగ్గుపడి ఎనక్కి పోతాండారు," అని రామాంజినప్పగారు నిజంగానే బాధపడ్డారు. "వాళ్లని ముందరికి తెచ్చేదెట్లని బాగా మాట్లాడల్లప్పా."

అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. నేను గుమ్మంలో అలాగే నిలబడి ఉన్నాను. నాన్న లేచి వచ్చాడు.

"పెద్దోళ్లు మాట్లాడతాండారు, లోపలికి పోమ్మా," అని తలుపు వేశాడు.